మందు ఆవు మీద, గోమారి గోడ సందులో

వానలు మొదలైన కొద్ది రోజులకే విశాఖ చుట్టుపక్కల ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు పశువుల మందుల షాపుల్లో ఒకటే మాట: "గోమార్లకి పవర్ ఎక్కువున్న మందు ఇవ్వండి." గోమార్లంటే పశువు ఒంటికి పట్టుకుని రక్తం తాగే పురుగులు. షాపాయన ఇచ్చే సీసా చాలావరకు డెల్టామెత్రినో, సైపర్‌మెత్రినో అయి ఉంటుంది. పేర్లు వేరైనా రెండూ ఒకే కుటుంబం మందులు. రైతు ఇంటికెళ్లి మూతతో కొలిచి బకెట్ నీళ్లలో అందాజుగా కలుపుతాడు, గుడ్డ ముంచి ఆవు వీపు మీద రాస్తాడు. కొన్నాళ్లు హాయిగా ఉంటుంది. మూడో వారం వచ్చేసరికి మళ్లీ మామూలే. మందు నకిలీదని రైతు, డోసు తక్కువైందని షాపాయన. ఈ తగువు ఏటా జరుగుతుంది, ఏటా అక్కడే ఆగిపోతుంది.

తగువు అక్కడ ఆగిపోవడానికి కారణం, మన దృష్టంతా ఆవు ఒంటి మీదే ఉండటం. మన ప్రాంతంలో ఆవుల మీద ఎక్కువగా కనిపించే గోమారి రైపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే రకం. పిల్లగా ఎక్కిన ఆవు మీదే పెరిగి, జతకట్టి, రక్తం తాగి ఆముదపు గింజంత లావై రాలిపోవడానికి దానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. రాలిన ఆడది గచ్చు పగుళ్లలోకో, మట్టిగోడ సందులోకో, గడ్డివాము అడుగుకో పాకి రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు తిండి లేకుండా నెలల తరబడి కాచుకుని ఉండగలవు. వాటికి కావాల్సిందల్లా గాలిలో తేమ. సముద్రం పక్కనున్న మన జిల్లాలో దానికి కొదవేముంది? ఏ రోజు లెక్క తీసినా ఆవు మీద ఉన్న గోమార్ల కంటే బయట ఉన్నవే ఎన్నో రెట్లు ఎక్కువ. మనం మందు కొట్టేది ఆ కొద్దిపాటి వాటికే.

గోమారి నిజానికి కీటకం కాదు, ఎనిమిది కాళ్లతో సాలీడుకు దగ్గరి చుట్టం. అసలు కీటకాలు వేరే ఉన్నాయి: జోరీగలు, కాళ్ల మీద వాలి కుట్టే శాల ఈగలు, దోమలు, పుండులో గుడ్లు పెట్టే ఈగలు. అన్నిటి విషయంలోనూ మనం చేసే తప్పు ఒకటే కాబట్టి కలిపి మాట్లాడుతున్నాను.

పురుగు ఎలా బతుకుతుందో తెలుసుకుంటే దాన్ని ఎలా ఓడించవచ్చో చెప్పడానికి పుండు ఈగ కథను మించింది లేదు. అమెరికా ఖండాల్లో స్క్రూవార్మ్ అనే ఈగ పశువు గాయంలో గుడ్లు పెడుతుంది, వాటి పురుగులు బతికున్న కండనే తింటాయి. మన దగ్గర 'పుండులో పురుగులు పడ్డాయి' అంటామే, దానికి కారణమయ్యే ఈగల్లో ఒకటి దీని ఆసియా బంధువే. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన ఎడ్వర్డ్ నిప్లింగ్, రేమండ్ బుష్‌లాండ్ ఏ మందుతో చంపాలా అని మొదలుపెట్టలేదు. ఆడ ఈగ జీవితంలో ఒక్కసారే జతకడుతుందన్న సంగతిని పట్టుకున్నారు. రేడియేషన్‌తో మగ ఈగలను పిల్లలు పుట్టించలేని గొడ్డువిగా చేసి లక్షల కొద్దీ గాల్లోకి వదిలితే, వాటితో జతకట్టిన ఆడవి పెట్టే గుడ్లు పొదగవు. 1954లో కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో కొన్ని నెలల్లోనే ఈగ మాయమైంది. 1966 నాటికి అమెరికా, 2006 నాటికి పనామా దాకా మధ్య అమెరికా మొత్తం దాన్నుంచి బయటపడ్డాయి. ఆ ఇద్దరికీ 1992లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఇచ్చారు.

ఈ కథలో మన వాళ్లు తరచూ వదిలేసే రెండో సగం ఉంది. 2023లో పనామాలో కేసులు మళ్లీ పెరిగాయి. 2024 నవంబరుకు ఈగ మెక్సికో చేరింది, 2025లో అమెరికా అక్కడి నుంచి పశువుల దిగుమతి ఆపేసింది. ఒకసారి గెలిచాం కదా అని ఈ పని వదిలేయడానికి లేదు. పరిశోధన అంటే ఒక పేపరు, ఒక సన్మానం అనుకునే మన పద్ధతికి ఇది గట్టి హెచ్చరిక.

గొడ్డు మగ ఈగలను వదిలే పద్ధతిని రేపే విశాఖకు తెమ్మని నా ఉద్దేశం కాదు. అది ఖర్చుతో కూడింది, గోమార్లకు పనికిరాదు. మనకు కావాల్సింది వాళ్లు మొదలుపెట్టిన ప్రశ్న. మన ఊళ్లో ఈ పురుగు ఎప్పుడు, ఎక్కడ పెరుగుతోంది? ఏ మందుకు లొంగుతోంది, ఏ మందుకు లొంగడం మానేసింది?

చివరి ప్రశ్నకు జవాబు తెచ్చే పరీక్ష ఉంది, దానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. ఒక ఊళ్లో ఆవుల మీంచి రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమార్లను ఏరి, గాలాడే సీసాలో తెస్తారు. తూకం వేసి, సరైన మోతాదులో కలిపిన మందులో రెండు నిమిషాలు ముంచి తీసి, ఆరబెట్టి, 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న పెట్టెలో ఉంచుతారు. రెండు వారాల తర్వాత అవి పెట్టిన గుడ్లను తూస్తారు. మందు పనిచేస్తే గుడ్లు ఉండవు, లేదా చాలా తక్కువ ఉంటాయి. మామూలు నీళ్లలో ముంచిన వాటితో సమానంగా గుడ్లు పెట్టాయంటే ఆ ఊళ్లో ఆ మందు కొనడం డబ్బు పారేసుకోవడమే. ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఇలాంటి పరీక్షలతోనే ఉత్తరాదిలో ఎన్నో చోట్ల గోమార్లు డెల్టామెత్రిన్‌ను తట్టుకుంటున్నాయని చూపించారు. మనకు పక్కనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, నగరంలో ఆంధ్రా యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగం ఉంది. మండలానికి రెండు ఊళ్ల చొప్పున ఏటా ఈ పరీక్ష చేసి, ఫలితాన్ని రైతు సేవా కేంద్రం బోర్డు మీద రాస్తే చాలు. ఇది పీహెచ్‌డీ ఇచ్చే పరిశోధన కాదు, జర్నల్‌లో మెరిసేది కాదు. అయినా పాడి రైతుకు ఇంతకంటే పనికొచ్చే పరిశోధన నాకు కనిపించడం లేదు.

ఇక్కడ జాతి సంగతి కూడా చెప్పాలి. మన ఒంగోలు గిత్త చర్మం, రోగనిరోధక శక్తి గోమార్లను బాగా తట్టుకుంటాయి. బ్రెజిల్ వాళ్లు నెలోర్ పేరుతో పెంచుతున్నది మన నెల్లూరు, ఒంగోలు పశువులనే. 1930లలో ఆస్ట్రేలియా వాళ్లు భారతీయ రక్తమున్న బ్రాహ్మన్ పశువులను తెచ్చుకున్న కారణాల్లో గోమారి సమస్య ఒకటి. వాళ్లు మన పశువు బలాన్ని పట్టుకెళ్లారు, మనం జెర్సీని, హోల్‌స్టీన్‌ను తెచ్చుకున్నాం. పాలకేంద్రంలో లీటర్లకు డబ్బులిస్తారు కాబట్టి రైతును తప్పుపట్టలేం. కానీ సంకర జాతి ఆవును రైతు చేతిలో పెట్టిన ప్రభుత్వం, దాన్ని పడగొట్టే గోమారి జ్వరాల బాధ్యత కూడా తీసుకోవాలి. గోమార్లు మోసే థైలీరియా అనే పరాన్నజీవి సోకితే గ్రంథులు ఉబ్బి, జ్వరం తగ్గక, పది రోజుల్లో పాడి ఆవు చేతికి రాకుండా పోవచ్చు. దానికి హైదరాబాద్‌లోనే టీకా తయారైంది. ద్రవ నైట్రోజన్‌లో దాచాలి కాబట్టి ఊళ్లకు చేర్చడం కష్టమంటారు. ఎదకొచ్చిన ఆవులకు వీర్యం మోసే నైట్రోజన్ డబ్బాలు మారుమూలకూ వెళ్తూనే ఉన్నాయి కదా!

ఈగల విషయానికొస్తే, 2019లో మన దేశంలో లంపీ చర్మవ్యాధి మొదట బయటపడింది పక్కనున్న ఒడిశాలోనే. కుట్టే ఈగలు, దోమలు, గోమార్లు దాన్ని మోస్తాయి. టీకాలు వేయించాం, మంచిదే. ఈగలు పుట్టే చోటును మాత్రం ముట్టుకోలేదు. సాయంత్రం పూట షెడ్డులో ఆవు ఊరికే కాళ్లు నేలకేసి కొడుతూ, పక్క ఆవును ఆనుకుని నిలబడుతోందంటే కిందికి వంగి చూడండి. ముంగాళ్ల మీద తల పైకి పెట్టి వాలిన బూడిదరంగు ఈగలు కనిపిస్తాయి. చూడటానికి ఇంటి ఈగలాగే ఉంటుంది, నోటి నుంచి సూదిలాంటి మొన ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఇది గుడ్లు పెట్టేది ఎక్కువగా మూత్రంతో నానిన గడ్డిలో, తొట్టి కింద మిగిలిపోయిన మేతలో. రెండు మూడు వారాల్లో కొత్త తరం తయారు. వారానికోసారి ఆ నానిన చెత్త తీసి పలచగా ఎండబెడితే చాలావరకు అక్కడే ఆగుతుంది. మన పెద్దవాళ్లు వేసే వేపాకు పొగ ఆ పూటకు ఈగను తరుముతుంది గానీ తొట్టి కింద పురుగును ఏమీ చేయదు.

మందు ఎక్కువైతే ఇంకో నష్టం. పశువుల్లో గోమార్ల మీద, కడుపులో పురుగుల మీద వాడే ఐవర్‌మెక్టిన్ గొప్ప మందు, దాన్ని కనిపెట్టిన విలియం కాంప్‌బెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ వచ్చింది. కానీ ఇంజెక్షన్ చేసిన పశువు పేడలోకి అది వస్తుంది, పేడను తవ్వి మట్టిలో కలిపే పేడపురుగుల పిల్లలను చంపుతుంది. పేడలో పెరిగే ఈగలతో విసిగిపోయిన ఆస్ట్రేలియా 1960లలో పనిగట్టుకుని విదేశాల నుంచి పేడపురుగులను తెచ్చుకుంది. మనకు ఊరికే దొరికిన ఆ సేవను సూదితో పోగొట్టుకుంటున్నాం. పాలిచ్చే ఆవుకు ఈ ఇంజెక్షన్ వేస్తే పాలలోనూ మందు చాలా రోజులు ఉంటుంది. ఈ సంగతి చెప్పకుండా సూది వేయడం రైతుకూ, పాలు తాగే పిల్లలకూ చేస్తున్న అన్యాయం.

గోమారికి టీకా కూడా కలకాదు. దాని పేగులోని ఒక ప్రొటీన్ ఆధారంగా 1990లలోనే క్యూబా, ఆస్ట్రేలియా టీకాలు తెచ్చాయి. మన గోమార్లకు సరిపోయేది మనమే చేసుకోవాలి, దానికి ముందు మన గోమార్ల గురించి మన దగ్గర సమాచారం ఉండాలి.

ఆ సమాచారం పోగుచేయడానికి విశాఖలో మంచి చోటు ఒకటుంది. సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్న భక్తులు ఉత్తరాంధ్ర ఊళ్ల నుంచి, ఒడిశా వైపు నుంచి కోడెదూడలను తెచ్చి సింహాచలంలో అప్పగిస్తారు. ప్రతి దూడా తన ఊరి గోమార్లను ఒంటి మీద మోసుకొస్తుంది. వచ్చిన దూడను రెండు మూడు వారాలు విడిగా కట్టి, ఊరి పేరు రాసుకుని, తోక కింద, చెవిలో, తొడల మధ్య ఉన్న గోమార్లను ఏరి సీసాలో వేసి గరివిడి పంపితే, ఏ ఊళ్లో ఏ మందు చచ్చుబడిందో ఒక ఏడాదిలో పటం గీయొచ్చు. దూడకు జ్వరం రాకముందే వైద్యం అందుతుంది, మిగతా మందకు పురుగు అంటదు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. విడిగా ఒక కొట్టం, ఒక రిజిస్టరు, పశుసంవర్ధక శాఖ నుంచి ఒక మనిషి కావాలి. దేవస్థానం, కళాశాల, శాఖ ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే వానాకాలానికే మొదలుపెట్టొచ్చు.