ట్రేస్ అంటే జిరాక్స్ కాపీ కాదు

హైదరాబాద్‌లో పైథాన్ నేర్చుకునేవారి మధ్య, ముఖ్యంగా అమీర్‌పేటలో చేతులు మారే నోట్సుల్లో, ఒక మాట బాగా చెలామణిలో ఉంది. ట్రేసింగ్ జిట్ కంపైలర్ (ప్రోగ్రామ్ నడుస్తుండగానే ఎక్కువసార్లు తిరిగే దారిని ‘ట్రేస్’గా రికార్డు చేసి మెషీన్ కోడ్‌గా మార్చే సాధనం) నడిచిన కోడ్‌కు జిరాక్స్ తీసి మెషీన్ కోడ్‌గా మారుస్తుందనీ, దారి మారితే ఆ కాపీ చెత్తబుట్టకేననీ, ఆ ట్రేస్‌లను చూపే లాగ్ ఎలాగూ ఉంది కనుక ఆప్టిమైజేషన్ల (కోడ్ వేగం పెంచే మార్పుల) గురించి విడిగా రాయడం వృథా అనీ దాని సారాంశం. పైపైని (PyPy, ఇలాంటి జిట్ ఉన్న పైథాన్ అమలు) దగ్గర పెట్టుకుని చూస్తే ఈ మూడింటిలో ఏదీ నిలవదు.

మొదట జిరాక్స్ సంగతి. పైపై మామూలు అమరికలో లూప్ 1039 సార్లు తిరిగాకే రికార్డింగ్ మొదలవుతుంది; రికార్డయింది ముడిసరుకు మాత్రమే. ‘i’ పది లక్షల కంటే చిన్నదిగా ఉన్నంతసేపు దాన్ని ‘మొత్తం’ అనే విలువకు కలిపి, ఆపై ‘i’ని 1 పెంచే లూప్ తీసుకుందాం. ప్రతి కూడికకూ ఒక కొత్త పూర్ణాంక ఆబ్జెక్టును సృష్టించడం, అందులో విలువ రాయడం, తర్వాతి చుట్టులో దాని టైపు తనిఖీ చేసి విలువను మళ్లీ చదవడం ముడి ట్రేస్‌లో కనిపిస్తాయి. ఆ ఆబ్జెక్టు లూప్ దాటి బయటికి పోదని తేల్చుకున్న ఆప్టిమైజర్ దాన్ని సృష్టించడమే మానేసి విలువను మాత్రమే అట్టిపెట్టుకుంటుంది. మొదటి చుట్టును విడదీసి ముందు పెట్టి, టైపు తనిఖీలను అక్కడితోనే ముగిస్తుంది.

దారి మారడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గార్డు (రికార్డయిన దారే ఇంకా సరైనదా అని ట్రేస్‌లో చూసే తనిఖీ) విఫలమైతే అమలు ఇంటర్‌ప్రెటర్‌కు (కోడ్‌ను ఒక్కో అడుగుగా నడిపే భాగానికి) మళ్లుతుంది, సృష్టించకుండా వదిలేసిన ఆబ్జెక్టులు అప్పుడు తయారవుతాయి, ఫలితం తప్పు కాదు. అదే గార్డు దాదాపు 200 సార్లు విఫలమైతే అక్కడినుంచి బ్రిడ్జ్ అనే కొత్త ట్రేస్ పుడుతుంది. పాతది అలాగే ఉంటుంది.

లాగ్ చాలన్న వాదనే అసలు చిక్కు. లాగ్ చూడకుండా రాసిన పత్రం ఊహాగానమే, ఒప్పుకుంటాను. కానీ పై లూప్ లాగ్‌లో ‘మొత్తం’ విలువకు కలిపేచోట ఓవర్‌ఫ్లో గార్డు (విలువ మెషీన్ పూర్ణాంకపు హద్దు దాటిందా అని చూసేది) మిగిలి ఉంటుంది, ‘i’కి 1 కలిపేచోట మాత్రం మాయమవుతుంది. ‘i’ పది లక్షల కంటే చిన్నదని అంతకుముందే ఒక గార్డు రుజువు చేసింది కనుక 1 కలిపినా హద్దు దాటదు. ‘మొత్తం’ విలువకు అటువంటి హామీ లేదు. ఈ కారణం లాగ్‌లో ఏ వరుసలోనూ ఉండదు. అందుకే నేను రాసుకునే పత్రంలో ముడి ట్రేస్ ఒకవైపు, ఆప్టిమైజ్ అయినది మరోవైపు పెట్టి, మాయమైన ప్రతి వరుసకూ ఎదురుగా దాన్ని తొలగించడానికి ఏ గార్డు లేదా ఏ నిర్ధారణ ఆధారమో రాస్తున్నాను.