టేకుకి అంటదు, వేలికి వదలదు

గమ్ అనేది అంటుకోవాల్సిన చోట తప్ప ప్రపంచంలో అన్ని చోట్లా అంటుకుంటుంది, నమ్మకపోతే మా బావ చేసిన టేకు ట్రే చూడండి. మంచి పాత టేకు ముక్కలు, అద్దంలా చిత్రిక పట్టి, ఆ నునుపు వచ్చినోళ్ళందరికీ చూపించుకుంటూ కొన్నాళ్ళు కూర్చుని, అప్పుడు తీరిగ్గా తెల్ల గమ్ పూసి, ముక్కల్ని అదిమి పట్టే క్లాంపులు బిగించాడు. ఎంత బిగించాడంటే లోపల గమ్మంతా పక్కల నుంచి బయటికొచ్చేసింది. మర్నాడు ట్రే ఎత్తితే సగం చేతిలో, సగం కాలి మీద.

జాయింట్ దగ్గర గమ్ పల్చటి పొరలా ఊడొచ్చింది, చెక్క మీద మరక కూడా లేదు. కింద పరిచిన పేపరు మాత్రం ట్రే అడుగున ఎంత గట్టిగా అతుక్కుందంటే హెడ్‌లైన్లు ఇప్పటికీ చదువుకోవచ్చు.

టేకులో ఉన్న నూనె వల్లే కదా దాన్ని ఓడల డెక్కులకి వాడింది, సముద్రానికే లొంగని చెక్క నీళ్ళు కలిసిన గమ్ముకి లొంగుతుందా చెప్పండి. పైగా చిత్రిక పట్టి వదిలేస్తే లోపలి నూనె మెల్లగా పైకొస్తుంది. అందుకే సరిగ్గా అతికించబోయే ముందు సాండ్‌పేపర్ కొట్టి, నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే గమ్ పెట్టేయాలి. ఇదంతా చెప్తే బావ శ్రద్ధగా విని, పొద్దున తుడిచి, సాయంత్రం గమ్ పెట్టాడు 🙂

తర్వాత పాలియురెథేన్ గమ్. దానికి తేమ తగిలితే నురగొచ్చి పొంగుతుందని డబ్బా మీద రాసే ఉంది, మనకి డబ్బాలు చదివే అలవాటెక్కడిది. పొద్దున చూస్తే ఆ నురగ క్లాంపుని కూడా ఫ్యామిలీలో కలిపేసుకుంది, బావ వేళ్ళు నల్లగా, ఎంత రుద్దినా పోవు. "ఏవండీ, ఆ చేత్తో నన్ను ముట్టుకోకండి" అని అక్క వార్నింగ్.

చివరికి ఎపాక్సీ, అదే రెండు ట్యూబులు కలిపి పూసే గమ్. ఈసారి అన్నీ కరెక్టే, గరుకు చేశాడు, తుడిచాడు, వెంటనే పూశాడు, మొత్తం పిండేయకుండా క్లాంపులు తేలిగ్గానే బిగించాడు. "ఒరే, రారా, వచ్చి లాగి చూడు" అన్నాడు, లాగాను, జాయింట్లు రాయిలా ఉన్నాయి, పేరు పెట్టడానికి లేదు. కింద ప్లాస్టిక్ షీట్ వేయడం ఒక్కటే మర్చిపోయాడు, అందుకని ప్రస్తుతానికి ఆ ట్రేలో ఏదైనా తేవాలంటే టేబుల్‌తో సహా ఎత్తుకు రావాలి.