ఓటు తెనాలిలో, నీళ్లు ట్యాంకరులో

మా పై అంతస్తు ఆయన మహా ప్రజాస్వామ్యవాది. 2024 మే 13న ఓటు వేయడానికి బెంగళూరు మారతహళ్లి నుంచి తెనాలికి ఆరు వందల కిలోమీటర్లకు పైగా కారు నడిపారు. అంతకు పదిహేడు రోజుల ముందు, ఏప్రిల్ 26న, మా వీధి చివర బడిలోనే పోలింగ్ జరిగింది. అది శుక్రవారం. ఆయన కూర్గ్ వెళ్లారు.

ఇక్కడ ఓటు నమోదు చేసుకోలేదేమని అడిగితే, "అదేమిటండీ, మనం ఇక్కడివాళ్లం కాదు కదా" అన్నారు. పద్నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటున్నా ఇక్కడివాళ్లు కారట. ఫ్లాటు ఇక్కడ, పిల్లల చదువు ఇక్కడ, ఆస్తి పన్ను ఇక్కడ. ఓటు మాత్రం తాతగారి మాగాణిలా ఊళ్లోనే ఉండాలి.

ఓట్ల లెక్కింపు రోజు, జూన్ 4న, వాళ్ల హాల్లో ఒక టీవీ, ఒక లాప్‌టాప్, పళ్లెం నిండా మైసూర్‌పాక్. పిఠాపురం 70,279, పులివెందుల 61,687, కుప్పం 48,006 అంటూ ఆధిక్యాలన్నీ ఎక్కాల్లా ఒప్పజెప్పారు. "మరి మన ఎంపీ ఎవరండీ?" అన్నాను. నోటి దాకా వెళ్లిన మైసూర్‌పాక్ ఆగింది.

"తేజస్వి సూర్య కదూ?"

కాదండీ, అది బెంగళూరు సౌత్. మనది సెంట్రల్. 2008 నియోజకవర్గాల పునర్విభజనలో పుట్టింది. 2009 నుంచి నాలుగు సాధారణ ఎన్నికలు, నాలుగింటా పి.సి. మోహనే. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్క పేరు! (మనవాళ్లు టికెట్టు కొని మరీ తిట్టుకునే ప్రకాశ్ రాజ్ 2019లో ఇక్కడే నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్నారు. అదీ తెలియదు.) ఈసారి గెలుపు తేడా 32,707. మనముండే మహదేవపుర అసెంబ్లీ సెగ్మెంటు ఒక్కటే ఆయనకు లక్షా పద్నాలుగు వేల ఆధిక్యం ఇచ్చింది. అంటే ఎంపీని తేల్చింది మన పేటే.

"అలాగా!" అని ఆయన మళ్లీ గుంటూరు జిల్లాలోకి వెళ్లిపోయారు.

2025 ఆగస్టులో మహదేవపురలో లక్షకు పైగా దొంగ ఓట్లున్నాయని రాహుల్ గాంధీ ఆరోపించిన రోజు మాత్రం ఊగిపోయారు. "చూశారా, మన ఓట్లు దొంగిలించారట!" మీ ఓటు ఇక్కడ లేదు కదండీ అన్నాను. "అందుకేగా తెనాలిలో దాచింది!"

నవ్వాను. కానీ ఎన్నికల నాటి ఆ 2024 ఏప్రిల్ నేను మరిచిపోలేదు. బోరు ఎండిపోయి, ట్యాంకరు కోసం రాత్రి రెండింటి దాకా గేటు దగ్గర కాపు కాశాం. స్నానానికి అరబకెట్టు. నీళ్లేవని నిలదీద్దామంటే మా బ్లాకులో నలభై ఇళ్లకు తొమ్మిది ఓట్లు. తొమ్మిది! ఏ అభ్యర్థి ఆగుతాడు మన గేటు ముందు? నగరపాలిక పాలకవర్గం గడువు 2020 సెప్టెంబరులో ముగిస్తే, ఆ తర్వాత అయిదేళ్లు దాటినా కార్పొరేటర్లకు ఎన్నిక జరగలేదు. అన్నాళ్లూ మనలో ఒక్కరు నోరు విప్పారా? గుంతలో కారు దిగబడినప్పుడు మాత్రం ఎంత నోరు! సిగ్గుండక్కర్లేదా?

మా ఇంట్లో పని చేసే ఆమె ఆ శుక్రవారం ఉదయం ఏడింటికే బడి ముందు వరుసలో నిలబడింది. ఓటేసి, వేలి మీద సిరాచుక్కతో వచ్చి, ఉన్న అరబకెట్టు నీళ్లతోనే మా గిన్నెలు తోమింది. తర్వాత పై అంతస్తుకు వెళ్లి, తాళం చూసి దిగివచ్చింది.