ఐదు రోజులకే సెకండ్ హ్యాండ్ అయిపోయిన మా కొత్త కారు

మిక్సీ తేడా చేస్తే కొన్న షాపుకు తీసుకెళ్లి గట్టిగా అడిగితే మార్చి ఇస్తారు. తొమ్మిది లక్షలు పోసి కొన్న కారుకు ఆ మర్యాద కూడా లేదు.

మాది కావలి. గత నెల నెల్లూరులో కారు తీసుకున్నాం. రాహుకాలం రాకముందే కదలాలని అమ్మ తొందర. షోరూం వాళ్లు దండ వేశారు, కేకు కోయించారు, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి చేతికిచ్చి ఫొటో తీశారు. చక్రాల కింద పొదలకూరు నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. ఆ హడావిడిలో కారు చుట్టూ ఒక్కసారి తిరిగి చూసిన పాపాన పోలేదు. నా తప్పే, ఒప్పుకుంటాను.

ఐదో రోజు ఎండలో కడుగుతుంటే ఎడమవైపు వెనక డోరు రంగు తేడాగా కనిపించింది. మా వీధి చివర డెంటింగ్ పనిచేసే అబ్బాయి రబ్బరు బీడింగ్ లాగి చూసి, "ఏందన్నా, ఇది మళ్లీ పెయింట్ కొట్టిన డోరు. టేపు వేసిన గీత కూడా కనపడతా ఉంది చూడు" అన్నాడు.

షోరూంకి పోతే మేనేజర్ నవ్వుతూనే చెప్పాడు: "రిజిస్ట్రేషన్ అయిపోయింది సార్, వెనక్కి తీసుకోలేం. ఇప్పుడిది సెకండ్ హ్యాండ్ కిందే లెక్క." మరి నాకు అమ్మిన రోజు ఫస్ట్ హ్యాండేనా? దానికి జవాబు లేదు. రంగు మీద పూసే సిరామిక్ కోటింగ్ ఫ్రీగా వేయిస్తాడట!

అమెరికాలో పదేపదే చెడిపోయే కొత్త బండిని నిమ్మకాయ అంటారు, దానికోసం అక్కడ 'లెమన్ లా' అని చట్టాలే ఉన్నాయి. మనకు నిమ్మకాయలున్నాయి, ఆ చట్టం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు. వారంటీ గొడవైతే పాడైన భాగం మారిస్తే చాలని 2006లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో అంది. కానీ నాది వారంటీ గొడవ కాదు. దెబ్బతిన్న బండిని దాచిపెట్టి కొత్తదని అమ్మడం మోసం. డోరు మార్చుకుని ఊరుకోమంటే ఎట్లా?

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. కట్టిన ధర ఐదు నుంచి పది లక్షల మధ్య ఉంటే ఫీజు 200 రూపాయలే. రెండేళ్ల లోపు వేయాలి. మీరు కొనేటప్పుడు మాత్రం పూర్తి డబ్బు కట్టకముందే, రిజిస్ట్రేషన్‌కి పంపకముందే, పట్టపగలు షోరూం వాళ్లు బండ్లు నిలవుంచే స్టాక్‌యార్డ్‌కి పోయి బండిని చూసుకోండి. ముహూర్తం సంగతి ఆ తర్వాతే.

నిన్న షోరూం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. కంపెనీ వాళ్లు రేటింగ్ అడుగుతారట, పదికి పది చెప్పాలట.