కుర్చీని బట్టి కొండ

అణు చెత్త పాతిపెట్టడానికి ఒక కొండ గట్టిదో కాదో తేల్చాలంటే తవ్వి చూడాలి, నీటి ఊట కొలవాలి, భూకంపాల లెక్క తీయాలి అని శాస్త్రవేత్తలు నమ్ముతుంటారు, పాపం. అమెరికా కాంగ్రెస్ అంతకంటే సులువైన పద్ధతి కనిపెట్టింది. ఆ రాష్ట్రం వాళ్లెవరైనా సభలో పెద్ద కుర్చీలో ఉన్నారా లేదా చూస్తే చాలు.

అణు చెత్తను ఎక్కడ పాతిపెట్టాలన్నది అక్కడ పాత తలనొప్పే. తక్కువ స్థాయి చెత్తను 1946 నుంచే పీపాల్లో నింపి శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర సముద్రంలో పడేశారు. అసలు ప్రమాదకరమైన దానికి ఉప్పు గనులు మేలని 1957లో శాస్త్రవేత్తలు చెబితే, కాన్సస్‌లో ఒక గని చూశారు. తీరా చూస్తే చుట్టుపక్కలంతా పాత చమురు, గ్యాస్ బావుల చిల్లులే. దాంతో ఆ ఆలోచన వదిలేశారు.

1987 నాటికి పోటీలో మూడు రాష్ట్రాలు మిగిలాయి: టెక్సస్, వాషింగ్టన్, నెవడా. ప్రతినిధుల సభ స్పీకర్ జిమ్ రైట్‌ది టెక్సస్. మెజారిటీ నాయకుడు టామ్ ఫోలీది వాషింగ్టన్. ఇక పరిశోధన దేనికి? నెవడాలోని యక్కా కొండను తప్ప మరో చోటు చూడొద్దని చట్టమే చేసేశారు. అక్కడ ఒక్క అణు విద్యుత్ కేంద్రం కూడా లేదు. ఆ చట్టానికి నెవడా జనం పెట్టిన ముద్దుపేరు రాస్తే మా ఎడిటర్ ఊరుకోరు.

కొండలో సొరంగం తొలిచారు. 10 వేల ఏళ్ల భద్రత చాలదని కోర్టు అంటే, 2008లో 10 లక్షల ఏళ్ల ప్రమాణం పెట్టారు. 1998 జనవరి 31 కల్లా విద్యుత్ కేంద్రాల నుంచి చెత్త తీసుకెళ్తామని ప్రభుత్వం ఇచ్చిన మాట తప్పి అప్పటికే పదేళ్లయిందనుకోండి, అది వేరే సంగతి.

ఈలోగా 2007లో నెవడాకు చెందిన హ్యారీ రీడ్ సెనేట్ మెజారిటీ నాయకుడయ్యారు. మూడేళ్లు తిరిగేసరికి ఆ కొండ ఎందుకూ పనికిరాకుండా పోయింది! దాదాపు 1,500 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, 2010లో ఒబామా ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టేసింది. 1987 చట్టం మాత్రం అలాగే ఉంది. అంటే యక్కా తప్ప వేరే చోటు కుదరదు, యక్కాకేమో నిధులివ్వరు. సుమారు 90 వేల టన్నుల వాడేసిన అణు ఇంధనం ఎక్కడిదక్కడే పడి ఉంది.

దీనికోసం అణు విద్యుత్తు మీద యూనిట్‌కు సెంటులో పదో వంతు చొప్పున వసూలు చేశారు. 2013లో కోర్టు జోక్యం చేసుకున్నాక, 2014లో గానీ ఆపలేదు. చెత్త తీసుకెళ్లనందుకు విద్యుత్ సంస్థలు కేసులు గెలుస్తుంటే ఖజానా నుంచి పరిహారం కడుతున్నారు. అదీ 1,000 కోట్ల డాలర్లు దాటింది. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు కూడా కరెంటు బిల్లులో ఒకసారి, ట్యాక్సులో ఇంకోసారి కట్టారన్నమాట. డాలర్లలో జీతం కదా, తట్టుకుంటారు.