సూది లేని సిరంజీ గారికి

మహారాజశ్రీ ఒక మిల్లీలీటరు సిరంజీ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మన ఇద్దరిలో కుశలంగా ఉన్నది మీరొక్కరే. ఈ ఉదయం ఐదింటికి మీరు విదిల్చిన ప్రెడ్నిసొలోన్ మందు నా కనుబొమ్మ మీద ఎండి అట్టకట్టింది. మీ లోపలి రబ్బరు బిగుసుకుపోతుంది. నొక్కితే కదలదు. ఇంకాస్త నొక్కితే మందంతా ఒకేసారి చిమ్ముతుంది. మా బుడ్డోడి కడుపులోకి ఎంత వెళ్లిందో, గోడకి ఎంత వెళ్లిందో తెలీదు. మళ్లీ ఇవ్వాలా వద్దా అని నేను అరగంట టెన్షన్ పడ్డాను. మీరు మాత్రం సింకు గట్టు మీద హాయిగా పడుకున్నారు.

మా బుడ్డోడి గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది. వాడు ఫెర్రెట్, పొడుగాటి ఒళ్లున్న చిన్న పెంపుడు జంతువు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ముంగిస అంటారు, ఆ రెండిటికీ దగ్గరి చుట్టరికమే లేదు. ఎవరో వద్దనుకుంటే తెచ్చుకున్నాను. వాడితో ఇచ్చిన కాగితంలో ‘వయసు 4 ఏళ్లు, స్వభావం నెమ్మది’ అని రాసి ఉంది. అక్కడే అనుమానం రావాల్సింది. రోజుకి 14 గంటలకు పైగా పడుకునే జాతే, ఒప్పుకుంటాను. కానీ లేచాక వీపు విల్లులా వంచి, పక్కకి గెంతుతూ, కుక్ కుక్ మంటూ ఇల్లు పీకి పందిరేయాలి. వీడు నాలుగడుగులు వేసి కూలబడి గోడకేసి చూసేవాడు. పాపం ఎన్ని కష్టాలు చూశాడో, వైరాగ్యం వచ్చిందనుకున్నాను. వైరాగ్యం కాదట, రక్తంలో షుగర్ 48. మామూలుగా 90కి పైన ఉండాలి.

జబ్బు పేరు ఇన్సులినోమా. క్లోమంలో గడ్డలు లేచి, ఎవరూ అడక్కుండానే ఇన్సులిన్ పోస్తుంటాయి. మాకు షుగర్ ఎక్కువై మందులు, వాడికి తక్కువై మందులు. తక్కువైతే రోజూ కాస్త తేనె పెట్టొచ్చుగా అని సలహా ఇవ్వనివాళ్లు లేరు. తీపి తగిలితే ఆ గడ్డలకి ఊపొచ్చి ఇంకా ఇన్సులిన్ పోస్తాయి, షుగర్ ఇంకా కిందకి జారుతుంది. అందుకే మూణ్ణాలుగు గంటలకోసారి మాంసం ముద్దే. తేనె సీసా ఉంది, కానీ పై అరలో, నిప్పులార్పే సిలిండర్‌లాగా.

దాన్ని ఒక్కసారి దించాను. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి నా పాదం దగ్గర ఆగిపోయాడు. చొంగ కారుతోంది, ముందు కాళ్లతో మూతి గోక్కుంటున్నాడు, కళ్లు నన్ను దాటి ఎటో చూస్తున్నాయి. చిగుళ్లకి తేనె పూశాను. నిమిషాలు ఎలా గడిచాయో రాయను. నా వేలు నాకాడు. వెంటనే మాంసం ముద్ద పెట్టాను, తేనె ఒక్కటీ ఇచ్చి వదిలేస్తే మళ్లీ పడిపోతాడు కాబట్టి. ఆ రోజు మీరెక్కడున్నారు? సొరుగులో, మూత పెట్టుకుని.

డాక్టరు గారి చేతిలో మీరు ఎంత మర్యాదస్తులో! మెడ వెనక తోలు పట్టుకుని ఎత్తగానే వాడు ఆవలించాడు, మీరు పక్కనుంచి దూరారు, పని అయిపోయింది. ఇంటికొచ్చేసరికి తువ్వాలు, పెనుగులాట, నా చేతికి పంటి గాట్లు. పదిసార్లు కడిగేసరికి మీ ఒంటి మీద అంకెలు కూడా చెరిగిపోయాయి. 0.3 ఎక్కడుందో గోళ్ల రంగుతో గీసుకున్నాను. ఆ ఎర్రబొట్టు మీకు పతకం కాదు, గమనించగలరు.

సూది ఉన్న మీ అన్నగారిని చూసైనా నేర్చుకోండి. బుడ్డోడికి అడ్రినల్ గ్రంథి జబ్బు కూడా తోడై తోక మీద బొచ్చు ఊడి ఎలక తోకైనప్పుడు, ఆయన భుజాల మధ్య చర్మం కింద నెమ్మదిగా మందు వదిలే ఒక హార్మోన్ ఇంప్లాంటు పెట్టి వెళ్లిపోయారు. నెలలు గడిచాయి, బొచ్చు తిరిగొచ్చింది, ఆయన మళ్లీ మొహం చూపించలేదు. పెద్దమనిషంటే ఆయన.

ఇక అసలు ఫిర్యాదు. సొరుగు చప్పుడైతే చాలు, వాడు సోఫా కిందికి పరుగు. మీరంటే అంత ప్రేమ. మరి మిమ్మల్నే ఎందుకు ఎత్తుకుపోతున్నాడు? ఫెర్రెట్ అన్న మాటకి లాటిన్ మూలంలో చిన్న దొంగ అని అర్థం, సరే. కానీ వాడికి కావాల్సింది మీరు కాదు, మీ లోపలి రబ్బరు. దాన్ని కొరికి మింగితే పేగుకి అడ్డం పడుతుంది, ఆపరేషన్ దాకా పోతుంది. మొన్న టార్చి పట్టుకుని సోఫా కింద బోర్లా పడుకున్నాను. ఒక సాక్సు, తాళంచెవి, మీవాళ్లు ముగ్గురు. ముగ్గురిలో ఒకరికి రబ్బరు లేదు.

రెండు రోజులు వాడు ఎప్పుడు తింటాడా, ఎప్పుడు దొడ్డికెళ్తాడా అని కాపలా కాశాను. పుల్లతో కెలికి చూశాను కూడా. ఇంత చదువు చదివి చేస్తున్న ఉద్యోగమిది. వాడు మాత్రం శుభ్రంగా తిని, రెండోరోజు సాయంత్రం వీపు వంచి మూడు గెంతులు కూడా వేశాడు.

రబ్బరు నా ఎడమ బూటులో దొరికింది, గాటు పడకుండా. అది చెత్తబుట్టలోకి పోయింది. మీ జాగాలో కొత్త సిరంజీ వచ్చింది, అంకెలన్నీ స్పష్టంగా ఉన్నాయి. మీకు మాత్రం సొరుగులో కాదు, తాళం వేసిన పెట్టెలో బస ఏర్పాటు చేశాను. సాయంత్రం ఐదవుతోంది, వాడు అప్పుడే సోఫా కిందికి దూరాడు.

ఇట్లు,
కనుబొమ్మ ఇంకా కడుక్కోని మనిషి