బిగిన్ కొట్టి బస్సెక్కినవాడు

నెలాఖరు శుక్రవారం సాయంత్రం మా ఆఫీసులో బిల్లింగ్ ఆగిపోయింది. ఆపినవాడు అప్పటికే ఎల్బీ నగర్ దాటి, కిటికీ పక్కన కూర్చుని పల్లీలు తింటున్నాడు.

మా కుర్ర డెవలపర్ మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ తెరిచే బిగిన్ కొట్టి, బిల్లు నంబర్లు నడిపే ఒకే ఒక్క రోని, అంటే టేబుల్లోని వరసని, అప్‌డేట్ చేసి, మార్పుని ఖాయం చేసే కమిట్ మర్చిపోయి, లాప్‌టాప్ మూత వేసి ఊరికి బయల్దేరాడు. మూత వేసిన సంగతి సర్వర్‌కి ఎవరు చెప్పాలి? దాని లెక్కలో మనవాడు ఇంకా అక్కడే ఉన్నాడు. బస్సు సీటు మీద కర్చీఫ్ వేసి టీకి పోయినవాడి హక్కు అది, ఎవరూ ముట్టుకోకూడదు.

సర్వర్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌కి, అవతలివాడు లేడేమోనని అనుమానం రావడానికే మామూలుగా 7200 సెకన్లు పడుతుంది. రెండు గంటలు! ఆపైన 75 సెకన్లకోసారి "బాబూ, ఉన్నావా?" అని 9 సార్లు పిలిచి, అప్పుడు గానీ ఆశ వదులుకోదు. అంత మర్యాద మనుషుల్లో కూడా చూడం.

ఈలోగా ప్రతి బిల్లూ ఆ రో కోసం లైన్లో నిలబడి, తలా ఒక కనెక్షన్ పట్టుకుంది. ఉన్నవే 100. అందులో 3 సూపర్‌యూజర్ కోసం, అంటే సర్వాధికారాలున్న ఖాతా కోసం, అట్టిపెడతారు, ఇలాంటి ఆపదలో డేటాబేస్ చూసుకునే డీబీఏ లోపలికి రావడానికి. కానీ మా అప్లికేషనే, ఏ మహానుభావుడి చలవో, సూపర్‌యూజర్‌గా లాగిన్ అవుతుంది. ఆ మూడూ అదే మింగేసింది. డీబీఏ మేడమ్ తలుపు తడితే "సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ" అంది సర్వర్. ఆ రోజు ఆఫీసులో సారీ చెప్పింది అదొక్కటే.

మేనేజర్ గారు వాడికి ఫోన్ కొట్టారు.

"సార్, నేను లాప్‌టాప్ మూసేశాను కదా!"

మేనేజర్ గారు ఇటు తిరిగారు. "మేడమ్, రీస్టార్ట్ చేసేద్దామా?"

"మీరు కాస్త కూర్చోండి సార్."

పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్‌కొక ప్రాసెస్. మేడమ్ లైనక్స్‌లోకి వెళ్లి జాబితా తీస్తే, అన్నిటి పక్కనా "వెయిటింగ్", ఒక్కదాని పక్కన మాత్రం "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్". అదే మనవాడిది. దాన్ని, ప్రాసెస్‌ని ఆపే మామూలు కిల్‌తో సాగనంపారు. ఉన్నపళాన చంపేసే కిల్ మైనస్ 9 జోలికి పోలేదు, పోతే సర్వర్ అందరి కనెక్షన్లూ తెంపుకుని రికవరీకి కూర్చుంటుంది. బిల్లులు కదిలాయి. ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే కూర్చుంటే 5 నిమిషాల్లో గెంటేసేలా టైమౌట్ కూడా పెట్టేశారు. 2016 నుంచీ ఉన్న సెట్టింగే. మనం పెట్టేదాకా సున్నాలో ఉంటుంది, అంటే ఎంతసేపైనా కూర్చోవచ్చు.

సోమవారం పొద్దున్నే మనవాడు మేడమ్ దగ్గరికొచ్చాడు, మొహం మాడ్చుకుని.

"మేడమ్, శుక్రవారం నేను చేసిన అప్‌డేట్ కనబడట్లేదు. ఎవరైనా డిలీట్ చేశారా?"